బల్లకి ఆకలేసింది

పోయిన వారం మనం టైలర్ మాస్టారిని షాపు గుమ్మంలో, పెదాల మధ్య నాలుగు గుండుసూదులతో నిలబెట్టి వదిలేశాం. ఎదురుగా మెట్టు మీద ఆయన అక్కగారు. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చింది. చంకలో గోధుమరంగు సంచి, ముఖంలో "నేను నీ కోసం రాలేదు" అన్న బిగింపు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వాళ్ళమ్మ వేలికి పెట్టుకునే వెండిటోపీ కనపడకుండా పోయిన రోజున తమ్ముడు అన్న ఒకే ఒక్క మాటకి ఆవిడ ఆ మెట్టు దిగింది, మళ్ళీ ఎక్కలేదు. వేరే ఊళ్ళో తనే ఒక కుట్టుషాపు పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా బతికింది. ఇప్పుడైనా వచ్చిందంటే మాస్టారి కొడుకు పుణ్యమే. "అత్తయ్యా, నా కూతుర్ని ఒక్కసారి చూసిపో" అని వాడు వెళ్ళి పిలిస్తే రెండు షరతుల మీద ఒప్పుకుంది. పాత సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఐదు గంటల బస్సుకి తనని ఎవరూ ఆపకూడదు.

ఇవి రెండూ మాస్టారికి ముందే తెలుసు. ఆయనకి అరవై ఆరు, అక్కకి డెబ్బై. ఈసారి ఆ మెట్టు దిగిందంటే మళ్ళీ ఎక్కే వయసు ఆవిడకీ లేదు, ఎదురుచూసే వయసు తనకీ లేదు. అయినా ఏం చేస్తాడు, మాట ఇచ్చిన కొడుకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, కోడలు ఆస్పత్రి డ్యూటీలో ఉంది. సూదులు ఒక్కొక్కటే తీసి కాలరుకి గుచ్చుకుని, "రా అక్కా" అన్నాడు.

ఆవిడ లోపలికి వచ్చింది. వచ్చి, సంచి తీసుకెళ్ళి కత్తిరింపు బల్ల మీద ఎడంపక్క చివర పెట్టింది. పెట్టాక గానీ తను ఎక్కడ పెట్టిందో గమనించుకోలేదు. చిన్నప్పుడు ఆవిడ చోటు అదే. కుడిపక్క తమ్ముడిది, మధ్యలో స్టూలు వేసుకుని అమ్మ. బట్టల షాపువాళ్ళు వదిలేసిన పాత కౌంటరు ఒకటి తెచ్చి, దాని మీద వెడల్పాటి చెక్క పరిచి, నాన్న చేయించిన బల్ల అది. చుట్టూ చెక్కలు కొట్టి పెట్టెలా మూసేసి ఉంటుంది. అక్కాతమ్ముళ్ళు అటొకరు ఇటొకరు నిలబడి కత్తెర పట్టడం నేర్చుకున్నది దాని మీదే. పిల్లలు పని మానేసి కబుర్లలో పడితే అమ్మ వేలికున్న వెండిటోపీతో బల్ల మీద టకటకమని కొట్టేది. నోరెత్తి తిట్టిన మనిషి కాదు, ఆ చప్పుడే తిట్టు. ఏదైనా లెక్క తేలక ఆలోచనలో పడితే ఆ టోపీ అంచుని పంటితో కొరికేది. అలా కొరికీ కొరికీ అంచు మీద ఒకచోట చిన్న గాటు పడింది.

మాస్టారి భార్య లోపలినుంచి టీ తెచ్చి, "బాగున్నారా వదినా" అని మాత్రం అని, కళ్ళెత్తకుండా కప్పు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది. మామూలుగా ఆవిడ నోటికి మూత ఉండదు. ఈ రోజు ఇంత ముక్తసరిగా ఉందేమిటా అని మాస్టారికి అనిపించింది గానీ, అక్క సంచి పెట్టిన చోటే చూస్తూ ఆ సంగతి ఆట్టే పట్టించుకోలేదు.

అప్పుడొచ్చింది బుడంకాయ. అసలు పేరు వేరే ఉంది, అది స్కూల్లో వేసినప్పుడు చూసుకోవచ్చు. రెండున్నరేళ్ళు. మెడలో తాతయ్య టేపు, అది నేల మీద మూరెడు ఈడ్చుకుంటూ వస్తోంది. కొత్త మనిషి కనపడితే ముందు కొలత, తర్వాతే పలకరింపు. తిన్నగా వెళ్ళి పెద్దావిడ మోకాలికి టేపు చుట్టి, కళ్ళు చికిలించి చూసి, "పదకొండు" అంది. బుడంకాయకి వచ్చిన అంకె అదొక్కటే. ఇంట్లో అందరూ పదకొండే, గడియారం పదకొండు, పిల్లి కూడా పదకొండు. ఆ అంకెని అరచేతిలో వేలితో రాసుకుని, తాతయ్య అడిగే తీరులోనే తల పక్కకి వాల్చి అడిగింది.

"లూజు పెట్టనా?"

పెద్దావిడ బిగబట్టుకున్న ముఖం కాస్తా సడలిపోయింది. "పెట్టమ్మా, ఒళ్ళొచ్చింది కదా" అంది. వరసకి నేను నీకు అమ్మమ్మని అని కూడా చెప్పింది.

బుడంకాయ ఒప్పుకోలేదు. "కాదు. అమ్మమ్మ ఫోన్లో ఉంటుంది."

పాపం, దాని తప్పేముంది. తల్లివైపు అమ్మమ్మ రోజూ సాయంత్రం ఫోన్లోనే కనపడుతుంది, ఫోన్లోనే ముద్దులిస్తుంది. పెద్దావిడ కాసేపు ఆలోచించి, "నేను ఫోన్లోంచి బయటికొచ్చిన అమ్మమ్మని" అంది. బుడంకాయ ఆవిడ చుట్టూ తిరిగి వీపు పరీక్షగా చూసింది. ఛార్జింగు వైరు ఎక్కడుందా అని వెతికినట్టుంది. ఏదీ దొరక్క, అయినా సరేలే అన్నట్టు వచ్చి ఒళ్ళో కూర్చుంది.

పెద్దావిడ సంచిలోంచి సామాన్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, అడుగునుంచి చిన్న గౌను ఒకటి తీసింది. లేత పసుపు, ముందొక జేబు. కొలతలెవరిచ్చారు అని మాస్టారి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అవసరమే పడలేదు. తల దూర్చగానే గౌను పిల్ల ఒంటికి అతికినట్టు సరిపోయింది. మాస్టారు దూరంనుంచే అంచు చూశాడు. మిషన్ హెమ్మింగ్ కాదు, చేత్తో కుట్టింది. అమ్మ కుట్టే కుట్టే, అంత సన్నగా, ప్రతి నాలుగో కుట్టుకీ ఒక చిన్న ముడితో. ఆ పద్ధతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. అక్క మరవలేదు. ఆయన గుండీల డబ్బా సర్దే నెపంతో అటు తిరిగాడు.

బుడంకాయ జేబులో రెండు చేతులూ ఒకేసారి దూర్చబోయి కుదరక, ఒకటే దూర్చి, ఒకసారి తాతయ్యనీ ఒకసారి కొత్త అమ్మమ్మనీ చూసింది. వచ్చి గంటయింది. ఇద్దరిలో ఒక్కరూ రెండోవాళ్ళ ముఖం చూడలేదు. పెద్దవాళ్ళకైతే అది మర్యాదగా కనపడుతుంది.

"నువ్వు తాతయ్యతో కటీఫా?"

తలుపు దగ్గర మాస్టారి భార్య కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"పాప కూడా కటీఫ్" అని బుడంకాయే అందుకుంది. "తాతయ్య సుద్దముక్క ఇవ్వలేదు."

"ఎంతసేపు ఉన్నావమ్మా కటీఫ్?" అని పెద్దావిడ మెల్లగా అడిగింది.

"అన్నం తినేదాకా."

మాస్టారు డబ్బా మూత పెట్టడం మానేశాడు. అన్నం తినేదాకా. అక్క వెళ్ళిపోయిన రోజు సాయంత్రం తను భోజనానికి కూర్చున్నాడు, సగంలో లేచాడు. మర్నాడు పూర్తిగా తిన్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు ఒక్క పూట మానకుండా తింటూనే ఉన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఆయనకి తన మీద తనకే సిగ్గేసింది.

నాలుగున్నరకి పెద్దావిడ లేచింది. బల్ల మీద సామాన్లు మళ్ళీ సంచిలో వేసుకుంది. కళ్ళజోడు పెట్టె, నీళ్ళ సీసా, రుమాలు. వేసుకుంటూ వేసుకుంటూ ఆగింది. ఇంటి తాళంచెవి లేదు. సంచి తిరగేసింది, లేదు. టీ కప్పు ఎత్తి చూసింది. మాస్టారు బల్ల మీది గుడ్డలన్నీ దులిపాడు. ఆయన భార్య చాప ఎత్తింది, మిషన్ల కింద చీపురు పెట్టి లాగింది. దారపు ఉండలు వచ్చాయి, పోయిన నెల పోయిందనుకున్న బాబిన్ ఒకటి వచ్చింది, తాళంచెవి రాలేదు. ఈ ఇంట్లో ఈ మధ్య వస్తువులు మాయమవడం మామూలైపోయింది. నానమ్మ ఎలకలంటుంది, తాతయ్య నానమ్మ మతిమరుపంటాడు.

పెద్దావిడకి బస్సు తొందర. నుదురు పట్టుకుని, చిరాకుగా, ఏమీ ఆలోచించకుండానే అనేసింది.

"ఇంట్లో ఉన్నది మనమే కదా. ఎక్కడికి పోతుంది?"

అన్న మరుక్షణం ఆవిడ చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది. మాస్టారు చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముప్ఫై ఏళ్ళ కిందట, ఇదే బల్లకి కుడిపక్క నిలబడి, తను అన్న మాట అది. అక్షరం తేడా లేదు.

"ఆ మాట నాది అక్కా" అన్నాడు ఆయన.

షరతు విరిగిపోయింది. విరిచింది ఎవరో వాళ్ళిద్దరికీ తేలలేదు.

"నీదే" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నువ్వు అన్నప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురం. నిన్ను నువ్వు అనుకోవు. నీ భార్యని అనవు. ఇంక మిగిలిందెవరు? అమ్మ పోయి పట్టుమని నెల కాలేదు. నా సంచి విప్పి, నీ కళ్ళముందే ఈ బల్ల మీద దులిపి చూపించి వెళ్ళాను. నువ్వు వద్దనలేదు. చూస్తూ నిలబడ్డావు."

అవును, చూశాడు. అన్నిటికన్నా ఆయనని ఇన్నేళ్ళూ తినేసింది అదే. నోరుజారి ఒక మాట అంటే అన్నాడు, కానీ సంచి దులుపుతున్న చెయ్యి పట్టుకుని ఆపొచ్చు కదా. ఆపలేదు. ఒక్క క్షణం, ఆ బట్టల మధ్యలోంచి వెండిటోపీ దొర్లి పడుతుందేమోనని నిజంగానే చూశాడు. ఆ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచాడు.

"తిట్టుకోవద్దు" అంది బుడంకాయ. "బల్ల తినేసింది."

ముద్దుమాటలు వినే తీరికలో ఎవరూ లేరు. నానమ్మ వచ్చి ఎత్తుకోబోతే జారిపోయి, తాతయ్య పంచె అంచు పట్టుకుని లాగింది. "వంగు" అంది. కాస్త వంగితే చాలదంది. "ఇంకా. పాపంత." మాస్టారు మోకాళ్ళు పటపటమనిపించుకుంటూ కింద కూర్చున్నాడు. తన తల మనవరాలి తల పక్కకి వచ్చేదాకా దిగాడు.

అప్పుడు కనపడింది. పైచెక్క అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, సరిగ్గా దాని కింద, పక్కచెక్క ఎండి కుంచించుకుపోయి, జానెడు పొడవున వేలెడు సందు. నిలబడ్డవాళ్ళకి కనపడదు. కూర్చుని కుట్టేవాళ్ళకీ కనపడదు. రెండున్నరేళ్ళ వాళ్ళ కళ్ళకి మాత్రం ఎదురుగా ఉంటుంది. యాభై ఏళ్ళుగా ఈ బల్ల ముందు రోజుకి పది గంటలు గడిపిన మనిషి, దానికొక నోరుందని మొదటిసారి చూశాడు.

"ఆకలేసింది దానికి. ఆఁ అంది. పాప పెట్టింది" అని బుడంకాయ వివరం చెప్పింది. తాళంచెవి ఎలా పెట్టిందో ఖాళీ చేత్తో చేసి కూడా చూపించింది. తర్వాత చెక్క మీద తట్టి, "మంచి బల్ల. అన్నీ తింటుంది" అని మెచ్చుకుంది.

పెద్దావిడ కూడా ఎప్పుడు కూర్చుందో, పక్కనే కింద కూర్చుని ఆ సందులోకి చూస్తోంది. మాస్టారు స్క్రూడ్రైవరు తెచ్చి పక్కచెక్క మేకులు పెకలించాడు. చెక్క ఊడి రాగానే లోపలున్నదంతా నేల మీదికి జారింది. అన్నిటికన్నా పైన తాళంచెవి, తళతళలాడుతూ. దాని కింద సుద్దముక్కలు, బాబిన్లు, గుండీలు, చెంచా, తాతయ్య పెన్ను మూత, ఇంకా తేమ ఆరని బిస్కెట్టు సగం. నానమ్మ ఎలకల మీద వేసిన నిందలన్నీ అక్కడున్నాయి. మాస్టారు నవ్వబోయాడు.

కింద ఇంకో పొర ఉంది. దుమ్ము పట్టి, గోధుమరంగు తిరిగి. చక్రం లేని చెక్క బండి. దాన్ని ఆయన గుర్తుపట్టాడు. ఆయన కొడుకుది. ఆ బండి పోయిందని వాడు రెండు రోజులు ఏడ్చాడు, ఎక్కడ పడేశావురా అంటే ఈ బల్ల వైపు చూపించేవాడు. బల్ల మీద ఏమీ లేదు కదరా అని అందరూ విసుక్కున్నారు. అప్పుడు వాడికీ రెండున్నరేళ్ళే. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఈ మూలే నిలబడేవాడు. బల్ల పక్కన తింటాడట అని మురిసిపోతూ చెప్పుకున్నారు.

మాస్టారు ఆ దుమ్ములో చెయ్యి పెట్టాడు. ఆయన వేళ్ళకి ముందే తెలిసిపోయింది. నల్లబడిన చిన్న టోపీ. పంచె అంచుతో రుద్దాడు. అంచు మీద పంటిగాటు.

మాస్టారు అక్క అరచెయ్యి తీసుకుని టోపీ అందులో పెట్టాడు. తప్పయిపోయింది అక్కా అన్నాడు. ఆ రోజు నీ సంచిలోంచి పడుతుందేమోనని నిజంగానే చూశాను అని కూడా అన్నాడు. ఏడుపు ఆపుకోలేదు. బుడంకాయ తన మెడలోని టేపు కొసతో ఆయన బుగ్గ తుడిచింది.

పెద్దావిడ టోపీని వేలికి పెట్టుకుని చూసుకుంది. కళ్ళు ఆవిడవీ తడిశాయి. కానీ ముఖంలో ఊరట బదులు అయోమయం కనపడింది. రెండో చేత్తో సంచి లోపలి జేబు తడిమి, రుమాలు మూట ఒకటి విప్పింది. అందులో ఇంకో వెండిటోపీ ఉంది. అదే సైజు, అదే పొడుగు. గాటు ఒక్కటే లేదు.

"మరి ఇది నువ్వు పంపించలేదా?" అంది.

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ చెప్పుకొచ్చింది. వెళ్ళిన మూడో నెలలో పార్శిల్ వచ్చిందట. టోపీ దొరికింది, తప్పు నాదే, నీ దగ్గరే ఉంచుకో అని ఉత్తరం. రాత మరదలిది. నువ్వు చెబితే తను రాసిందనుకున్నాను అంది. చూడగానే అమ్మది కాదని తెలిసిపోయిందట. తమ్ముడు తనని నమ్మకుండానే, కొత్తది చేయించి దొరికిందని అబద్ధమాడాడనుకుంది.

ఇద్దరూ తలుపు వైపు తిరిగారు.

"నేనే వదినా" అంది మాస్టారి భార్య. కొంగు ఇంకా వేళ్ళకే చుట్టి ఉంది. "పిల్లాడి వెండి గిన్నె కరిగించి చేయించాను. ఈయన రాత్రిళ్ళు నిద్ర పట్టక ఈ బల్ల దగ్గరే కూర్చుంటుంటే చూడలేకపోయాను. మీకు పంటిగాటు సంగతి గుర్తుంటుందని తట్టలేదు నాకు. మీ దగ్గరనుంచి జవాబు వస్తే అప్పుడు ఈయనకి చెబుదామనుకున్నాను. రాలేదు. తర్వాత చెప్పే ధైర్యం చాలలేదు."

వెండి గిన్నె. సొట్ట పడింది, పాత సామాన్లవాడికి ఇచ్చేశానని ఆవిడ అప్పుడు చెప్పింది, మాస్టారు నమ్మాడు. పోయిన వస్తువుకి అక్కని నమ్మలేదు, లేని కథకి భార్యని నమ్మాడు. ఆయనకి కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. ముప్ఫై ఏళ్ళపాటు ఈ బరువు ఒక్కత్తే మోసిందా అనిపించింది.

పెద్దావిడ మాత్రం వేరే మాట దగ్గర ఆగిపోయింది. "జవాబు రాశానే" అంది. "వారం తిరక్కుండా రాశాను. షాపు చిరునామాకే వేశాను."

"రాలేదు వదినా. మీ మీద ఒట్టు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోస్టు వస్తే ఎక్కడ పెడతారో ముగ్గురికీ తెలుసు. పోస్ట్‌మాన్ లోపలికి రాడు, వాకిట్లోంచే చెయ్యి చాపి బల్ల ఎడంపక్క చివర పెట్టి వెళ్ళిపోతాడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

బుడంకాయ అప్పటికే నడుం దాకా బల్లలోకి దూరి ఉంది. కొత్త గౌను దుమ్ము కొట్టుకుపోతోందని ఎవరికీ పట్టలేదు. తుమ్మింది, మళ్ళీ తుమ్మింది, వెనక్కి జారి వచ్చి, సన్నగా చుట్ట చుట్టి ఉన్న కవరు ఒకటి తాతయ్య చేతిలో పెట్టింది. ఒక మూల చిన్న పళ్ళతో నమిలి ఉంది. అంటించింది అంటించినట్టే ఉంది. పైన అక్క చేతిరాత.

"కథ కాగితం. చదువు" అంది.

మాస్టారు కత్తెర అందుకున్నాడు. పెద్దావిడ చెయ్యి వచ్చి ఆయన చేతి మీద పడింది. ముప్ఫై ఏళ్ళలో అక్క ఆయనని తాకడం అదే మొదటిసారి.

"అందులో టోపీ నేనే తీశానని రాశాను" అంది ఆవిడ. "తియ్యలేదు. అయినా తీశానని ఒప్పుకుంటూ రాశాను. దొంగనైతే అయ్యాను గానీ, రమ్మని ఒక్క మాట రాయి, వచ్చేస్తానని రాశాను. నీ మాట కోసం ఏడాది చూశాను."

బయట రోడ్డు మీద ఐదు గంటల బస్సు హారన్ వినపడింది, దగ్గరికి వచ్చింది, ఆగింది, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది. తాళంచెవి నేల మీద ఉన్నచోటే ఉంది.

"ఇంకేముంది అక్కా. వచ్చేశావు కదా" అన్నాడు చివరికి.

"అది కాదురా." ఆవిడ చెయ్యి ఇంకా తియ్యలేదు. "కింద ఇంకో నాలుగు వరసలు రాశాను. అమ్మ పోయేముందు నాతో ఒక్కదానితోనే చెప్పిన సంగతి, నీ గురించి. అది మాత్రం అబద్ధం కాదు. చదివాక కూడా నన్ను అక్కా అని పిలవాలనిపిస్తే, అప్పుడు పిలువు."

ఆవిడ చెయ్యి తీసేసింది. మాస్టారు కవరు అంచు మీద కత్తెర పెట్టాడు. బుడంకాయ వచ్చి ఆయన ఒళ్ళో సర్దుకుని కూర్చుంది, కథ వినడానికి.